వేడి ఇసుక

పందిరి మీద చిక్కుడుకాయలు ఎండి గాలికి గలగలమనడం మొదలైందంటే, ఆ వీధి ఆడవాళ్ళకు మూలమీది పాత ఇంటి గేటు దగ్గర పనిపడేది. ఒకరు పాలగిన్నె చేత పట్టుకునే వచ్చేవారు. ఒకరు పిల్లను చంకనేసుకుని వచ్చేవారు. గేటు లోపల పీట వేసుకుని, ఒళ్ళో గాజు జాడీ పెట్టుకుని ఆ ఇంటి పెద్దావిడ కూర్చునేది. ఆవిడ అసలు పేరు ఆవిడే మరిచిపోయేటంతగా వీధి వీధంతా తోటమ్మ అని పిలిచేది. అడిగినవాళ్ళకు లేదనకుండా గుప్పెడేసి చిక్కుడు గింజలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేది.

"పెట్టండమ్మా, పెట్టండి. మా ముత్తవ్వల నాటి విత్తు. బజార్లో వెతికినా దొరకదు."

"మీది పెద్ద చెయ్యి పెద్దమ్మగారూ! ఈ రోజుల్లో ఊరికే ఎవరిస్తారు?"

"ఇస్తే తరుగుతుందా ఏమిటి?" అని తోటమ్మ నవ్వేది.

అలాంటి చిక్కుడు నిజంగానే మరెక్కడా లేదు. ఊదారంగు గింజ, దాని నడుమ తెల్లటి చార. ఉడికిస్తే వెన్నలా కరిగిపోయేది. ఆ పెరట్లో అదొక్కటే కాదు. వెనక గోడ మీదికి పాకిన ముద్ద గులాబీ, బావి పక్కన అంజూర చెట్టు, తలుపు దగ్గర పుల్లదానిమ్మ, అన్నీ ఇప్పటి ఇల్లు కట్టకముందు నుంచీ ఉన్నవే. చుట్టుపక్కల తోటలన్నీ ఇళ్ళయిపోయాయి, ఇళ్ళన్నీ అంతస్తులయిపోయాయి. ఆ పెరడొక్కటి మిగిలింది. వీధికి కొత్తగా ఎవరొచ్చినా ముందు ఆ పందిరి చూపించేవారు, తర్వాతే పాలవాడి ఇల్లు చూపించేవారు.

అయ్యా, అమ్మా, ఈ కథ చదువుతున్నవారందరూ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఏటేటా ఇన్ని పొట్లాలు గేటు దాటి వెళ్ళినా ఆ వీధిలో మరే ఇంట్లోనూ ఆ చిక్కుడు పాదు లేకపోవడం వింతగా లేదూ? వీధిలో ఎవరికీ వింతగా తోచలేదు. గింజ మొలవనివాళ్ళు తమ మట్టిని తిట్టుకున్నారు, నీళ్ళను తిట్టుకున్నారు, పక్కింటి కోళ్ళను తిట్టుకున్నారు, చివరికి తమ చేతుల్నే తిట్టుకున్నారు. ఇచ్చిన చేతిని మాత్రం ఎవరూ అనుమానించలేదు. దానం చేసే చేతిని అనుమానించడం మర్యాద కాదు కదా.

లోపలి సంగతి ఇది. పంచబోయే గింజల్ని తోటమ్మ ముందుగా వంటింట్లో తలుపు వేసుకుని వేడి ఇసుకలో కప్పెట్టేది. మూకుడులో ఇసుక మరీ కాగితే గింజ చిట్లిపోతుంది, చాలకపోతే మొలకెత్తే ప్రమాదముంది. చెయ్యి పెట్టి చూసి, చురుక్కుమన్నాక దించి, గింజలు పోసి మూత పెట్టాలి. పైతోలు చెదరకూడదు, లోపల ప్రాణం ఉండకూడదు. ఆరాక చిటికెడు నూనె రాస్తే నిగనిగలాడిపోయేవి. పైన పటారం, లోన లొటారం అనే మాట ఆ గింజల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. తమ పెరట్లోకి కావలసిన అసలు విత్తును బూడిద కలిపి, మాసిన జాడీలో వెనక అరలో ఉంచేది.

ఈ విద్య ఆవిడ కనిపెట్టింది కాదు. తాళాలగుత్తి చేతికిచ్చిన రోజున అత్తగారు తలుపు మూసి చెప్పింది. "లేదని చెబితే పిసినారి ముండలంటారే. నిజంగా ఇస్తే రేపు ప్రతి ఇంట్లోనూ కాస్తుంది, అప్పుడు మన గేటు ముందు ఎవరాగుతారు? ఇచ్చామనిపించుకోవాలి, మనది మన దగ్గరే ఉండాలి." ఆ అత్తగారికి వాళ్ళత్తగారు చెప్పిందట. గులాబీ కొమ్మలకూ అదే మర్యాద: కోసిన చివర దీపం మంటకు ఒక్కసారి చూపించి ఇవ్వడం. పడుచుతనంలో తోటమ్మకు ఇది కొంటెపనిలా ఉండేది. పోనుపోను అలవాటైంది. అలవాటైనదానికి తప్పొప్పులుండవు.

కానీ చచ్చిన గింజ చేసే పని గింజతో ఆగదు.

ఎదురింట్లో ఒక దర్జీ ఆవిడ ఉండేది. చంటిపిల్లల గౌన్లు కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమె కొత్తకోడలిగా ఆ వీధికి వచ్చిన ఏడాది ఎంతో ముచ్చటగా తోటమ్మ దగ్గర గింజలు తీసుకుంది. మొలవలేదు. మరుసటేడు మళ్ళీ తీసుకుంది, మట్టి జల్లెడపట్టి మరీ పెట్టింది. మొలవలేదు. "ఈ పిల్ల చేతిలో చలవ లేదు" అన్నారు అత్తింటివారు. ఆ తర్వాత ఆమెకు పుట్టిన బిడ్డ నెల తిరక్కుండానే పోయింది. పుట్టుకతోనే గుండె జబ్బని డాక్టరు చెప్పాడు. డాక్టరు మాట ఎవరిక్కావాలి? "చిక్కుడు గింజే బతకని చేతిలో బిడ్డ బతుకుతుందా?" అంది ఇంట్లో ఎవరో. ఆ మాట గడప దాటింది, వీధిలో తిరిగింది, తిరిగి తిరిగి ఆమె ఒంట్లోనే కాపురం పెట్టింది. ఆనాటి నుంచి ఆమె ఎన్ని గౌన్లు కుట్టినా, ఒక్క పసిబిడ్డకూ తన చేత్తో తొడగలేదు. మడతపెట్టి తల్లి చేతికిచ్చి, "మీరే తొడగండమ్మా" అనేది.

ఇదంతా తోటమ్మకు తెలుసు. ఎదురింటి గుమ్మంలో జరిగినది తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసిన రోజున అన్నం సయించలేదు. మర్నాడు సయించింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు, విత్తులు పెట్టే అదునులో తోటమ్మ పెరటి మెట్టు మీద కాలుజారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో మంచానికి అతుక్కుపోయింది. కొడుకు బస్సు డ్రైవరు, పొద్దున పోతే పొద్దుగూకి వచ్చేవాడు. ఇల్లూ, చంటిపిల్లా, ఆసుపత్రీ అన్నీ కోడలి నెత్తినే పడ్డాయి. పాపం, ఆ పిల్ల ఊపిరి తిప్పుకోకుండా చేసింది. తాళాలగుత్తి ఇంకా అత్తగారి తలగడ కిందే ఉంది. అందుకే తలుపు మూసి చెప్పవలసిన మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు కోడలు గిన్నెలో చిక్కుడు గింజలు ఉడికించి తెచ్చింది. ఆసుపత్రి గంజి తిని తిని నాలుక చచ్చిపోయి ఉన్న తోటమ్మ గిన్నె ఊడ్చి తింది.

"ఏం రుచే అమ్మాయ్! ప్రాణం లేచొచ్చింది."

"ఇంకా ఉన్నాయత్తయ్యా, రేపు కూడా తెస్తాను. మీరు దిగులు పెట్టుకోకండి, పందిరి కింద గింజలు కూడా పెట్టేశాను."

"బంగారు తల్లివి" అని తోటమ్మ కోడలి బుగ్గ పుణికింది. మర్నాడూ తింది, ఆ మర్నాడూ తింది.

చేతికర్ర ఊతంతో ఇంటికి వచ్చేసరికి పందిరి ఎండు కర్రలతో బోసిగా నిలబడి ఉంది. ఆ వేళకు తీగ పైకెక్కి పూత పట్టాలి. పాదుల్లో తడి ఉంది, కలుపు లేదు, చుట్టూ ముళ్ళకంప కూడా వేసి ఉంది. మొలక మాత్రం లేదు. కోడలు చంటిదాన్ని భుజాన వేసుకుని తలుపు చాటున నిలబడింది.

"రెండుసార్లు పెట్టానత్తయ్యా. మట్టి మార్చి పెట్టాను. ఒక్కటి రాలేదు. మీకు ఆసుపత్రిలో చెప్పడానికి భయమేసింది."

తోటమ్మ పాదుల వైపు నుంచి కోడలివైపు తిరిగింది. "ఏ జాడీలోవి పెట్టావు?"

"ముందరి గాజు జాడీలోవే. నిగనిగలాడుతూ ఎంత బాగున్నాయో! వెనక జాడీలోవి బూడిద పట్టి, మెరుపు లేకుండా ఉన్నాయి. పాతవి పారేయడమెందుకని కడిగి వండేశాను. మీరు కూడా బాగున్నాయన్నారుగా?"

తోటమ్మ పీట కోసం చెయ్యి చాపింది. పీట అందలేదు. కోడలు చప్పున పట్టుకుని కూర్చోబెట్టింది. కొట్టుగదిలోకి వెళ్ళి వెనక జాడీ తెచ్చి చూపించమంటే చూపించింది. అడుగున బూడిద తప్ప ఏమీ లేదు. ఎన్ని తరాల విత్తు! తన నోటితోనే నమిలి, రుచిగా ఉందని మెచ్చుకుని మరీ మింగింది. వీధిని మోసం చేయడానికి రాసిన నూనె మెరుపు ఇంటి కోడల్నే మోసం చేసింది. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారని పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఆ గోతిలోకి తోటమ్మ ఒక్కతే పడలేదు.

"కంగారుపడకండత్తయ్యా," అంది కోడలు. "ఏటా వీధంతా పంచుతారు కదా. ఎవరో ఒకరింట్లో బతికే ఉంటుంది. అడిగి తెస్తాను."

తోటమ్మ ఆ మొహంలోని ఆశ చూసింది. వద్దని చెప్పాలి. ఎందుకు వద్దో కూడా చెప్పాలి. చెప్పకుండానే పంపింది. కోడలు చంటిదాన్ని చంకనేసుకుని గడప గడపా తిరిగింది. తిరిగినచోటల్లా ఒకటే జవాబు. మాకెప్పుడూ మొలవలేదమ్మా. మా నేల చవుడు. మాకంత అదృష్టం ఏది? చివరి ఇంటివాళ్ళు ఇంకో మాట కూడా కలిపారు: "పెద్దమ్మగారి చేతిలో ఇన్నేళ్ళు బతికింది, నీ చేతిలోకొచ్చిన ఏడే పోయిందన్నమాట."

ఆ మాటకు కాళ్ళొచ్చాయి. చూస్తుండగానే వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. పాదులు ఎండిపోయినట్టు కోడలి మొహం రోజురోజుకీ ఎండిపోయింది. కొడుకు అన్నం తింటూ నవ్వులాటకు, "మా ఆవిడది ఇనుప చెయ్యి" అన్నాడు. కోడలు నవ్వలేదు. తోటమ్మ కుక్కిన పేనులా పడి ఉంది. ఒక్క మాట చెబితే కోడలు బయటపడుతుంది, తాను మునుగుతుంది. ఇన్నేళ్ళుగా గేటు ముందు నిలబడి చేతులు జోడించిన వీధి రేపు ఉమ్మేస్తుంది. రేపు చెబుదాం అనుకుంది. రేపులన్నీ అలాగే గడిచిపోయాయి.

ఒక మధ్యాహ్నం దర్జీ ఆవిడ వచ్చింది. చంటిపిల్లకు కుట్టిన గౌను తెచ్చింది. పాలరంగు గుడ్డ, మెడచుట్టూ సన్నటి కుచ్చు. కోడలి చేతికిచ్చి, "నువ్వే తొడుగు చెల్లీ" అంది. పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెట్టింది.

"వీధిలో ఏదో అంటున్నారని బాధపడకు. మొదట్లో నాకూ అన్నం దిగేది కాదు. తర్వాత అలవాటైపోతుంది. కొందరి చేతులంతే. మనం తెలుసుకుని జాగ్రత్తగా ఉంటే సరి. నేను మొక్కల జోలికి పోను, పసిపిల్లల జోలికి పోను. ఎవరికీ కీడు లేదు." తర్వాత తోటమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మగారూ, నన్ను క్షమించాలి. ఆరోజుల్లో నా చేతిలో ఒక్క మొక్క బతికి ఉన్నా ఈరోజు మీ విత్తు మీకు తిరిగి ఇచ్చేదాన్ని. మీరు చెయ్యారా ఇచ్చారు, నేనే నిలబెట్టుకోలేకపోయాను."

కోడలు గౌను వంక చూసింది, ఒళ్ళోని బిడ్డ వంక చూసింది. లేచి వచ్చి బిడ్డనూ గౌనునూ కలిపి తోటమ్మ ఒళ్ళో పెట్టింది.

"మీరే తొడగండత్తయ్యా. ఇకమీదట దీనికి నీళ్ళు పోయడం కూడా మీరే చెయ్యండి. నా చెయ్యి... ఎందుకొచ్చిన గొడవ."

ఆ మాటతో తోటమ్మ లోపల ఏదో పుటుక్కున తెగింది. ఎదురింట్లో జరిగింది తన ఇంట్లో, తన కళ్ళముందు, తన మనవరాలి దగ్గర మళ్ళీ మొదలవుతోంది. అక్కడ ఒక ఆడదాని చేతుల్ని తాను చంపింది చాలలేదా?

"మీ చేతులకేం రోగం!" అని అరిచింది. చంటిది ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. "మీ చేతులు బంగారంలాంటి చేతులే! నేనే చంపి ఇచ్చాను. ప్రతి గింజా వేడి ఇసుకలో వేసి చంపి, నూనె రాసి ఇచ్చాను. మా అత్త చేసింది, నేనూ చేశాను. నీకిచ్చినవీ చచ్చినవే తల్లీ. రెండోసారి ఇచ్చినవీ చచ్చినవే. దేవుడే దిగొచ్చి నాటినా మొలవవు!"

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దర్జీ ఆవిడ తన రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తూ కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు. అప్పుడు అడిగింది.

"నా బిడ్డ పోయినప్పుడు అందరూ ఏమన్నారో మీరు విన్నారా?"

"విన్నాను."

"విని కూడా ఊరుకున్నారా?"

దర్జీ ఆవిడ లేచి, చెప్పులు వేసుకోవడం మరిచిపోయి, రోడ్డు దాటి ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున తోటమ్మ కోడలి చేత వీధంతా పిలిపించింది. "ఎందుకత్తయ్యా, ఆవిడకు చెప్పారు, నాకు చెప్పారు, చాలదా?" అంది కోడలు. "మీ మీద మాట పడింది నలుగురిలో. తీయాల్సింది కూడా నలుగురిలోనే" అంది తోటమ్మ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఆవిడకు తెలుసు. అయినా గేటు బార్లా తెరిపించింది. కర్ర ఊతంతో నిలబడి, ఇసుక సంగతి, నూనె సంగతి, దీపానికి చూపించిన గులాబీ కొమ్మల సంగతి దాచకుండా చెప్పింది.

చెప్పడం అయ్యాక వీధి నోరు తెరిచింది. "ఇంత మోసమా! మీ ఇంటికొచ్చి దండాలు పెట్టామే" అందొకామె. "నా మొగుడు నన్ను మట్టిబొమ్మవన్నాడు, మీ పుణ్యమే కదా" అందింకొకామె. ఒక ముసలావిడ గేటు దగ్గరే ఉమ్మేసి వెళ్ళిపోయింది. కోడలు పెరట్లోంచి గులాబీ కొమ్మలు, అంజూర కొమ్మలు, దానిమ్మ పిలకలు కోసి తెచ్చి గట్టు మీద పరిచింది. అంజూర కొమ్మల పచ్చి కోత మీద ఇంకా పాలు కారుతున్నాయి.

"ఇవి బతికున్నవి. తీసుకోండి. చిక్కుడు మాత్రం ఇక లేదు. ఈ భూమ్మీద ఎక్కడా లేదు" అంది తోటమ్మ.

కొందరు తీసుకున్నారు. కొందరు కోత వైపు అనుమానంగా చూసి, గోటితో గిల్లి చూసి మరీ తీసుకున్నారు. కొందరు ముట్టుకోకుండా వెళ్ళిపోయారు. వాళ్ళను ఎవరు తప్పుపట్టగలరు?

అందరి వెనక దర్జీ ఆవిడ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు. తోటమ్మ మంచి గులాబీ కొమ్మ ఒకటి ఏరి చాపింది.

"నువ్వు నాటు తల్లీ. నీ చేత్తో నాటు. నిలబడి బతుకుతుంది, చూడు."

దర్జీ ఆవిడ కొమ్మ అందుకోలేదు.

"బతుకుతుందనే నా భయం పెద్దమ్మగారూ. ఇది నా గుమ్మంలో చిగురు వేసిన రోజు నుంచీ పొద్దున లేవగానే చూడాలి. నా చెయ్యి మంచిదేనని, ఇన్నాళ్ళూ ఊరికే భయపడ్డానని, ఎత్తుకోవాల్సిన పిల్లల్ని ఎత్తుకోలేదని రోజూ అది చెబుతూనే ఉంటుంది. అంత ఓపిక నాకు లేదు. ఎవరికైనా ఇచ్చెయ్యండి."

అని వెనక్కి తిరిగింది. కోడలు ఆమె వెంట నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఎదురింటి తలుపు మూసుకుంది. ఇంకాసేపటికి లోపలినుంచి కుట్టుమిషను చప్పుడు వినిపించింది.

గేటు దగ్గర మిగిలినవాళ్ళలో ఒక కొత్తకోడలుంది. మంచి మనసున్న పిల్ల. తోటమ్మ మొహం చూడలేక, "పోనీలెండి పెద్దమ్మగారూ. మీవి, మీ పెరట్లోవి. ఇవ్వాలనిపించలేదు, ఇవ్వలేదు. అందులో అంత పాపమేముంది?" అంది.

తోటమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ కళ్ళు ఎదురింటి తలుపు మీదే ఉన్నాయి.

"ఇవ్వకపోవడం పాపం కాదమ్మా. ఇవ్వకుండానే ఇచ్చినట్టు కనబడాలనుకున్నాను, అదీ పాపం. మంచిదాన్ననిపించుకోవడం కోసం విత్తు ప్రాణం తీశాను. ఆ విత్తును నమ్ముకున్నవాళ్ళు తప్పు తమదే అనుకుని కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఇచ్చేదానిలో ప్రాణం ఉంటే ఇవ్వండి, ఇష్టం లేకపోతే లేదని మొహం మీదే చెప్పండి. లేదన్న మాట ఎవర్నీ చంపదు తల్లీ, ప్రాణం తీసి చేసిన దానమే చంపుతుంది."